దొడ్లో గింజలు, కొమ్ములో నీళ్లు

పంతనాల్ చిత్తడి నేలల్లో, పశువుల దొడ్డి పక్కనున్న వంటపాకలో జుల్మీరాది రాజ్యం. ఆవిడ నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. ఆకలన్నవాడికి ఎండుమాంసం కలిపిన అన్నం పెట్టకుండా పంపిన పాపాన పోలేదు. దొడ్డి వెనక చెట్టుతొర్రలో కాపురముండే నీలిచిలుకల జంటను వదినా, అన్నా అని పిలుస్తుంది. తోకతో కలిపి గజం పొడవుండే పిట్టలు, కళ్ల చుట్టూ పసుపు పూసుకున్నట్టుంటాయి. పగలంతా కీచులాడుకుని, సాయంత్రానికి ఒకదాని ఈకలొకటి దువ్వుకుంటాయి. మా ఆయనకూ కాస్త నేర్పరాదా వదినా అంటుందావిడ. భర్త అతాయీద్ వినీ విననట్టు గుర్రపు జీను తుడుచుకుంటాడు.

వాటి తిండి అకురీ అనే తాటిజాతి చెట్టు కాయల్లోని గింజలు. ఆ కాయల్ని ఆవులు మింగి, గుజ్జు అరిగించుకుని, గింజల్ని పేడలో వదిలేస్తాయి. ఎవరో ఒలిచిపెట్టిన తిండి దొరుకుతుంటే చిలుకలకు ఇంకేం కావాలి? తెల్లారగానే దొడ్లో దిగేవి.

ఆ ఏడాది తొర్రలో పిల్ల పుట్టింది. తల్లి గూడు కదలదు, మేత తండ్రే మోయాలి. సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు కొత్త మేస్త్రీ వాల్దెమీరు, పట్నం మనిషి. దొడ్డి అద్దంలా ఉండాలని పేడంతా రోజూ ఎత్తించి దూరంగా పారబోయించాడు. మగచిలుక ఖాళీ నేల మీద అటూ ఇటూ నడిచి, అరిచి, ఎక్కడికో ఎగిరిపోయేది. పొద్దువాలినా వచ్చేది కాదు. తొర్రలో పిల్ల గొంతు సన్నబడుతుంటే జుల్మీరాకు ముద్ద దిగడం లేదు.

వెళ్లి మేస్త్రీకి ఓ మాట చెప్పరాదా అన్నాడు అతాయీద్. ఆవిడెందుకు చెబుతుంది? మధ్యాహ్నం కాపర్లందరూ చుట్టూ కూర్చుని చన్నీళ్లలో నానిన ఆకురసం ఒకే ఆవుకొమ్ములో వంతులవారీగా తాగేటప్పుడు, తన చేత్తో ఇచ్చిన దాన్ని మొదటి వంతుకే చాలన్న మనిషి అతను. ఒక్కరోజూ రెండో వంతు తాగలేదు. అంత గీర ఉన్నవాడి దగ్గరికి తను పోవడమా?

పిల్ల అరుపు అసలు వినబడని రోజున మాత్రం పంతం పక్కన పెట్టింది. కొమ్ము వాల్దెమీరుకిచ్చి ఎదురుగా నిలబడింది. అతను తాగి, తలవంచి, "థాంక్సండీ" అన్నాడు.

"ఇదిగో, మళ్లీ వద్దంటున్నావు. నా చేతి నీళ్లు అంత చేదా బాబూ?"

అతను తెల్లబోయాడు. "నేనెప్పుడు వద్దన్నానమ్మా? మర్యాదకి థాంక్స్ చెప్పాను. మీరే మళ్లీ ఇవ్వరు. నన్ను వెలేశారనుకున్నా. ఎవరూ పలకరించకపోతే, పోనీ పనైనా బాగా చేసి చూపిద్దామని..."

కాపర్లు గొల్లున నవ్వారు. జుల్మీరా నుదురు కొట్టుకుంది. "ఓరి నా తండ్రీ, ఇక్కడ థాంక్స్ అంటే ఇక చాలు, నా వంతు తీసెయ్యండని. ఇంకా తాగాలనుంటే నోరు మూసుకుని కొమ్ము తిరిగివ్వాలి నాయనా."

కొమ్ము మళ్లీ నింపి ఇస్తూ అసలు సంగతి చెప్పింది. "నువ్వు పారబోయిస్తున్నది పేడ కాదు. మా వదిన కంచంలో కూడు."

మర్నాడు దొడ్డి ఊడవలేదు. మగచిలుక దిగింది, గింజలు కొరికింది, తొర్రకీ దొడ్డికీ తిరుగుతూనే ఉంది. పొద్దెక్కాక తొర్రలోంచి సన్నగా కీచుమంది పిల్ల. జుల్మీరా చెంగుతో కళ్లొత్తుకుని, ఆ పూట అందరికీ ఇంకో గరిటె అన్నం ఎక్కువే వడ్డించింది.

మధ్యాహ్నం వాల్దెమీరు కొమ్ములోది తాగి, "థా..." అనబోయి, పెదాలు బిగించి తిరిగిచ్చేశాడు. ఆవిడ మళ్లీ నింపింది.