రెండు కొండలు కలిసే చోటు

డ్యాంలో నీళ్ళు అడుగంటాయని కాలవ కింద రైతులంతా తల పట్టుకున్న వేసవిలో మా అక్క ఒక్కతే సంతోషపడింది.

"ఒరేయ్, నీళ్ళు చానా లోపలికి పోయినయ్యంట. మనూరి దాకా నడిచిపోవచ్చంటున్నారు" అంది ఫోనులో.

నాకు ఒళ్ళు మండింది. "నీళ్ళు పోతే నవ్వుతావేందక్కా? మేం గడ్డి తినాలా?"

"ఒక్క ఏడు తిను. ఏం కాదు."

మా ఊరు డ్యాం కట్టినప్పుడు మునిగింది. సామాను బళ్ళకెత్తుకుని బయటికొచ్చిన నాటికి నేను పాలు తాగే పిల్లాణ్ణి. అక్క అప్పటికే దూడల్ని తోలుకుని పోయేది. కాబట్టి ఆ ఊరు ఆమెకు గుర్తు, నాకు విన్న మాట. ఊరిని ముంచిన ఆ నీళ్ళే కాలవలో వచ్చి మా చేలు తడిపాయి, మా కడుపులు నింపాయి. అందుకని ఊరు పోయిందని నేనెప్పుడూ దిగులుపడలేదు. ఆ మాట అక్క ముఖం మీదే అనేవాణ్ణి.

ఆ ఏడు ఆమె తొందరకు కారణం ఉంది. కళ్ళలో నీటికాసులు. పోయిన చూపు ఇక రాదనీ, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోమనీ నరసరావుపేట డాక్టరు చెప్పాడు. దగ్గరి మనిషి ముక్కలుగా తెలుస్తాడట. దూరమంతా పొగ. వచ్చే వేసవికి ఈ మాత్రం కూడా ఉంటుందో లేదో.

"మీ వాళ్ళని తీసుకుపొమ్మనొచ్చుగా?" అన్నాను.

"వాళ్ళయితే నా సంతోషం కోసం ఏదో ఒక రాయి చూపించి, ఇదేనమ్మా మీ ఇల్లు అంటారు. నీకు ఆ మంచితనం లేదుగా. నువ్వు రా."

ఇంటిని పట్టుకునే గుర్తు ఆమె దగ్గర ఉంది. మా గడప మీద నిలబడి చూస్తే, దగ్గరి గుట్ట నెత్తి మీది గుండ్రాయి వెనకాల కొండ చీలికలో సరిగ్గా కూర్చుంటుందట, గూట్లో గుడ్డు పెట్టినట్టు. నాలుగడుగులు అటు జరిగినా ఇటు జరిగినా గుండు నడిమి తప్పుతుంది, ఇంకా జరిగితే బయటికి వచ్చేస్తుంది. కొండలు మునగలేదు. కానీ చూడటానికి ఆమెకు కళ్ళు లేవు. గుర్తు ఆమెది, చూపు నాది.

దిగువకు పోవటానికి మా అమ్మాయి బండి ఇస్తానంది. మిరపకాయ బస్తాలు తోలటానికి కొన్న కరెంటు పికప్పు అది. పెళ్ళయి పిల్లలున్న మనిషి, తనే నడుపుతుంది. చిన్నప్పుడు అది బడి నుంచి వచ్చాక దాని పలక మీదే నేను అక్షరాలు దిద్దుకున్నాను. ఆ లెక్కన నాకు పంతులమ్మ. బండిలో కూడా దాని మాటే చెల్లుతుంది. "చార్జింగ్ సగానికి వస్తే ఏడున్నా సరే వెనక్కి తిప్పేస్తా. తర్వాత నన్ను అనొద్దు" అని ముందే చెప్పింది.

టీ కొట్టు దగ్గర ఒకడు నవ్వాడు. "పెదనాయనా, చార్జింగ్ అయిపోతే ఎద్దుల్ని కట్టి లాక్కురావాల్సిందే."

"ఎద్దులేయిరా ఊళ్ళో? నిన్నూ మీ అన్ననీ కడతా" అన్నాను.

మేకల వాళ్ళు దిగే దారిలో గట్టు దిగాం. అక్క ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక ట్రాలీలో, క్యాబిన్ మీది కడ్డీ పట్టుకుని నిలబడ్డాను, కొండలు బాగా కనిపిస్తాయని. గట్టు దాటాక చెట్టు లేదు, గడ్డి లేదు. ఇసుక, నున్నటి రాళ్ళు, ఎండిన గుల్లలు, నెర్రెలిచ్చిన బురద. నీళ్ళ అడుగున ఇంత ఎడారి ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు. అమ్మాయి బండి ఆపి టైర్లలో గాలి కొంత తీసింది.

"నిండు టైరుకి గాలి తీస్తావేందే?"

"ఇసకలో అట్టాగే తోలాల నాన్నా. ఎడారిలో తోలేవాళ్ళ వీడియోలు చూశా."

బండికి ఇంజను చప్పుడు లేదు. చక్రాల కింద గుల్లలు చిట్లటం, క్యాబిన్‌లో వాళ్ళ మాటలు, అన్నీ నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఏమే, నడుస్తుందా, నిలబడిందా ఇది?"

"నడుస్తుందత్తా. కిందకి చూడు."

"చూసేదానికే కదే కళ్ళు లేంది."

కొంతసేపటికొకసారి అక్క కిటికీలోంచి తల బయటపెట్టి అరిచేది. "ఒరేయ్, గుండు ఏడుందిరా?"

"చీలికకి చానా ఎడంగా ఉంది."

మళ్ళీ కొంత దూరం పోయాక, "ఇప్పుడు?"

"దగ్గరికి జరిగింది. ఇంకా బయటే."

ఎండలో నా కళ్ళు నీళ్ళు కారుతున్నా ఆ గుండు మీది నుంచి చూపు తిప్పలేదు. అది నిజంగానే జరుగుతోంది. ఇన్నేళ్ళూ ఆమె మాటలకు నేను తలూపిందే తప్ప, అలాంటి గుర్తు ఒకటి ఉంటుందని లోపల నమ్మలేదు.

ఇసుక బండి బలాన్ని తాగేస్తోంది. పైకి ఎండినట్టున్న ఒకచోట వెనక చక్రం పెచ్చు పగలగొట్టుకుని కిందికి దిగిపోయింది. అడుగున పచ్చి బురద. బ్యాటరీ బరువుకి బండి ఇంకా కుంగింది. నేను గోతాలు మడిచి చక్రం కింద దోపాను. అమ్మాయి మెల్లిగా వెనక్కి తీసింది. రెండోసారికి బయటపడింది.

"ఇంక ముందుకు పోను నాన్నా. చార్జింగ్ కూడా సగం దగ్గరికొచ్చింది."

అక్క కిటికీ అంచు పట్టుకుని అడిగింది. "గుండు కూకుందా?"

అమ్మాయి నా వైపు చూసింది. అవునని చెప్పెయ్యమన్నట్టు తల ఊపింది. ఒక్క మాట అంటే పని అయిపోతుంది. ముసల్ది దిగి, దణ్ణం పెట్టుకుని, తృప్తిగా ఇంటికి పోతుంది. అబద్ధమని పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. నోటి దాకా వచ్చింది.

"కూకోలా. ఇంకా బయటే ఉంది" అన్నాను.

"అయితే నడుద్దాం పద."

అమ్మాయిని బండి దగ్గర ఉండమని, అక్క చెయ్యి నా భుజం మీద వేయించుకుని నడిచాను. నేల మెత్తబడుతూ వచ్చింది. నీళ్ళ అంచుకి చేరి ఆగాను.

"అక్కా, ఇంక దారి లేదు. ముందు నీళ్ళు, గుట్ట మనకి వెనకాల. గుండు చీలిక అంచుకి తగిలింది, లోపల కూకోలా. ఇల్లు నీళ్ళలోనే ఉంది."

ఏడుస్తుందనుకున్నాను.

"ఎంత దూరం ఉండిద్ది?"

"మన కాలవ పక్క చేను ఉందే, ఆ గట్టు నుంచి ఈ గట్టుకి ఎంతో అంత."

ఆమె తనలో తాను ఏదో లెక్క వేసుకుంది. తర్వాత కాలితో నేల తడిమింది.

"అయితే మనం కళ్ళాల్లో ఉన్నాం."

"ఎట్టా చెప్తావు?"

"మనింటికి గుట్ట వైపున ఊళ్ళో వాళ్ళ కళ్ళాలన్నీ. గడపలో నిలబడి అన్నానికి రమ్మని అమ్మ కేకేస్తే, కుప్ప నూరుస్తున్న నాన్నకి వినపడేది. అంతే దూరం. ఊరు ఖాళీ చేసిన రోజు బళ్ళన్నీ కట్టింది ఇక్కడే. నిన్ను బండి కింద నీడన పడుకోబెట్టి నన్ను కాపలా పెట్టారు. ఊరంతా ఏడుస్తుంటే నువ్వు గుర్రుపెట్టి నిద్రపోయావు, మొద్దు వెధవా."

గుండు కూకుందని నేను అని ఉంటే, ఆమె బండి ఆగిన చోటునే ఇల్లనుకుని దణ్ణం పెట్టేది. నేను పడుకున్న చోటు నాకు తెలిసేది కాదు.

"కూకో కాసేపు" అంది. కూర్చున్నాను. ఆమె నా వెనక నిలబడింది. నీడ నా మీద పడేలా నిలబడిందని కాసేపటికి గానీ నాకు తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు గట్టు ఎక్కి, టైర్లకు గాలి కొట్టుకున్నాం. అప్పుడు అక్క అడిగింది. "వచ్చే ఏడు ఇంకొంచెం తగ్గిద్దంటావా?"

"తగ్గకూడదు" అన్నాను.

ఆ ఏడు వానలు ఆలస్యంగా పడ్డా బాగా పడ్డాయి. కాలవ వదిలారు. చేలో మొదటి తడి పెడుతూ గట్టు మీద నుంచే అక్కకు ఫోను చేశాను.

"కాలవొచ్చిందక్కా."

"అయితే కళ్ళం కూడా మునిగుంటదిరా."

"మునిగింది."

"మూలమూలకీ పారించు. ఎండు మిగల్చమాక" అని ఫోను పెట్టేసింది.