నేను అడగని శ్రుతి

ఇవాళ పొద్దున పెంటపాడులో, మా అత్తగారి జ్ఞాపకార్థ కూటంలో, నా భార్య పాడవలసిన పాటని నేను పాడుచేశాను. తెలియక చేసింది కాదు. ఆమె నన్ను ముందే అడిగింది, నేను సరేనన్నాను. హార్మోనియం ముందు కూర్చున్నాక ఆ మాట పక్కన పెట్టాను.

అడిగింది నిన్న సాయంత్రం, ప్రయాణానికి బట్టలు సర్దుతూ.

"ఏవండీ, రేపు అమ్మ పాట కాస్త కింద శ్రుతిలో పట్టండి. నా గొంతు ఇదివరకటిలా పైకి పోవట్లేదు."

"ఎంత కిందకి?"

"నేను పాడుతుంటే మీకే తెలుస్తుంది కదండీ. ఇప్పుడు పాడనా?"

"అక్కడ చూద్దాంలే," అన్నాను, చేతిలో పేపరు దించకుండా.

హార్మోనియం తెలియనివాళ్లకి ఒక్క మాట చెప్పాలి. పాటకి ఆధారంగా ఏ మెట్టు పెట్టుకుంటే, పాటంతా అక్కణ్నుంచే పైకీ కిందకీ నడుస్తుంది. దాన్నే శ్రుతి అంటాం, మెట్లని ఒకటి నుంచి ఏడు దాకా అంకెలతో పిలుచుకుంటాం; ఒకటికి దిగువన మళ్లీ కింద ఏడు, కింద ఆరు వస్తాయి. నాది నాలుగు. కుర్రతనంలో తాడేపల్లిగూడెంలో ఒక నాటకాల హార్మోనిస్టు దగ్గర నేర్చుకున్నాను. ఆయన అన్ని శ్రుతుల్లోనూ చెప్పాలని చూశారు. నాలుగులో నా వేళ్లు పరుగెత్తడం మొదలుపెట్టగానే నాకిక ఓపిక లేకపోయింది. అప్పటి నుంచీ మా ప్రార్థన గుడిలో, పెళ్లిళ్లలో, చావు ఇళ్లలో ఎవరు పాడినా నాలుగే పట్టాను. అందినవాళ్లు పాడారు, అందనివాళ్లు పెదవులు కదిపారు.

నా భార్య అందనివాళ్లలో ఒకతె. ఆమెది పుట్టుకతోనే బరువైన గొంతు. పెళ్లయిన కొత్తలో గుడిలో పెద్దలు ఆమెను ముందు వరుసలో కూర్చోమన్నారు. కొన్ని ఆదివారాలు కూర్చుంది. తరువాత పిల్లలు అల్లరి చేస్తున్నారని చెప్పి వెనక చాప మీదకి మారింది, మళ్లీ ముందుకి రాలేదు. చుట్టాల ముందు నేను ఒక మాట అంటూ ఉండేవాణ్ణి: "మా ఆవిడ పాడితే నూతిలోంచి వినిపించినట్టుంటుందండీ." అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.

పోయినేడు ఆమెకి థైరాయిడ్ గడ్డ తీశారు. ఆమె ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన కొద్ది రోజులకే మా అత్తగారు పోయారు. సమాధి దగ్గర అందరూ పాడుతుంటే నా భార్య మెడకి కట్టుతో, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. గాలి తప్ప ఏమీ రాలేదు. తల్లిని పాట లేకుండా పంపేశానని ఆ తరువాత ఎన్నోసార్లు అంది. ఇవాళ్టి కూటం కోసం ఏడాదిగా కాచుకుని ఉంది.

ఆ పాట పుస్తకాల్లో ఉండేది కాదు. మా అత్తగారు కొల్లేటి లంకలో పుట్టి పెరిగిన మనిషి. తుఫానులో చిక్కుకున్న పడవ, అందులో తలగడ మీద నిద్రపోతున్న ప్రభువు – ఆ కథని ఆవిడ తన సొంత మాటల్లో, సొంత బాణీలో కట్టుకుంది. ఆవిడ పాటలో పడవంటే తాటిదోనె. గాలి ఉప్పుటేరు వైపు నుంచి లేస్తుంది. శిష్యులు కొబ్బరి చిప్పలతో నీళ్లు తోడిపోస్తూ ఆయన్ని లేపుతారు. కోడళ్లకీ మనవలకీ పూర్తిగా రాదు. మా బావమరిదికి మొదటి రెండు ముక్కలు వచ్చు. చివరిదాకా వచ్చింది నా భార్యకి ఒక్కదానికే.

కూటం మా బావమరిది ఇంటి ముందు టెంటు కింద జరిగింది. ముందు పాడిన పాటలు బాగా కుదిరాయి. నా పక్క కుర్చీలో కూర్చున్న సంఘ పెద్ద, "మీ చేతిలో పెట్టె మాట్లాడుతుందండీ," అన్నారు. సరిగ్గా అప్పుడే మా బావమరిది లేచి, "ఇప్పుడు అక్క, అమ్మ పాట పాడుతుందండి," అన్నాడు.

కింద శ్రుతిలో నా వేళ్లు తడబడతాయని నాకు తెలుసు. అంతమంది ముందు, ఆ పెద్దాయన పక్కన తడబడటం నాకు ఇష్టం లేకపోయింది. నాలుగు పట్టాను. ఆమె ఒకసారి నా వైపు చూసింది. ఆ చూపు నేను చూశాను. ఎలాగోలా అందుకుంటుందిలే అనుకున్నాను.

దోనె ఒడ్డు వదిలేవరకూ పాట నడిచింది. గాలి లేచే చరణంలో బాణీ పైకి పోతుంది. అక్కడ ఆమె గొంతు చీలిపోయింది. ఆగింది, మళ్లీ ఎత్తుకుంది. ఈసారి గాలి ఒక్కటే వచ్చింది. అప్పుడైనా నేను ఆపి, శ్రుతి దించి, మొదటి నుంచి పాడమనాల్సింది. ఆ ఖాళీలో నేను వాయింపు అందుకున్నాను. డోలక్ కూడా కలిసింది. బాగా వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. తలలు ఊగాయి. ముగించి చూసేసరికి ఆమె అక్కడ లేదు. ఇంటి వెనక, వంటల దగ్గరికి వెళ్లిపోయింది. ఎవరో అందరికీ తెలిసిన పాట ఎత్తుకున్నారు. దానికీ వాయించాను.

భోజనాల దగ్గర ఆ పెద్దాయన, "పాపం, ఆపరేషన్లో అమ్మాయి గొంతు పోయినట్టుందండీ," అన్నారు.

"అవునండీ, ఏం చేస్తాం," అన్నాను.

నా వెనకే నా భార్య పెరుగు గిన్నెతో నిలబడి ఉంది. ఆయనకి వడ్డించి నా విస్తరి దగ్గరికి వచ్చింది. "పెరుగు వెయ్యనా అండీ?" అని అడిగింది. అందరినీ అడిగినట్టే అడిగింది.

చేతులు కడుక్కుంటుంటే మా బావమరిది భార్య చెంబు అందిస్తూ, "వదినకి ఇవాళ ఏమైందో తెలీదండీ అన్నయ్యగారూ. ఇన్నాళ్లుగా నాకు ఫోన్లో పాడి వినిపిస్తానే ఉంది," అంది.

"ఎప్పుడు?"

"పొద్దున్నే, మీరు పాలకెళ్లినప్పుడండి. ఆపరేషన్ అయ్యాక గొంతు ఇంకా కిందకి దిగింది కదా, అచ్చం మా అత్తగారు పాడినట్టే ఉంటుందండి. మొదటిరోజు నేను ఫోన్ పట్టుకుని ఏడ్చేశాను. అందుకే కూటంలో పాడమని నేనే పట్టుబట్టాను."

తల్లి గొంతు కూతురికి వచ్చింది. తల్లి పేరున కూడిన మనుషులకి, పెద్దకూతురు నోట ఆ గొంతు మళ్లీ ఒక్కసారి వినిపించేది. అది ఇవాళ వినిపించాల్సింది. నా వేళ్లు తడబడకూడదని నేను దాన్ని ఆపేశాను.

తిరుగు ప్రయాణంలో తాడేపల్లిగూడెం స్టేషన్ దగ్గర ఆటోలోంచి హార్మోనియం పెట్టె దించాను. ఎప్పుడూ ఒక పక్క పిడి ఆమె పట్టుకుంటుంది. ఇవాళ తన సంచి తీసుకుని ముందు నడిచింది. బండిలో కిటికీ పక్కన కూర్చుంది. భీమడోలు దాటాక, కొల్లేరు వైపు చేలల్లో నీళ్లు మెరుస్తుంటే, అటే చూస్తూ అంది:

"నేను అడిగాను కదండీ."

"అడిగావు."

"పెళ్లయినకాణ్నించీ నా శ్రుతి ఏదని మీరొక్కసారి కూడా అడగలేదండి. పోనీ, మీ పాటలకి అడగలేదు. ఇది మా అమ్మ పాట."

ఏలూరులో, మా ఊళ్లో, పెట్టె నేనొక్కణ్ణే దించుకున్నాను.

సంగీతమే నన్ను మనిషిని చేసిందని నేను చాలామందితో చెప్పాను. అది అబద్ధం కాదు. ఇరిగేషన్ ఆఫీసులో నా తోటి గుమాస్తాలు సాయంత్రమైతే పేకాటకి పోయేవాళ్లు, నేను ఇంటికొచ్చి పెట్టె తీసేవాణ్ణి. తాగుడు నాకు అలవాటు కాలేదు. కాని నేను వాయిస్తున్నంతసేపూ ఆమె పిల్లల్ని వీధి అరుగు మీద కూర్చోబెట్టి, చప్పుడు చెయ్యనివ్వకుండా కాపలా కాసేది. పొయ్యి దగ్గర తను తీసే కూనిరాగం కూడా ఆపేసేది, నాకు అడ్డమని. నా సరదా నన్ను దిద్దిన సాయంత్రాలన్నీ ఆమె నోరు మూసుకున్న సాయంత్రాలే. ఈ రెండింటినీ నేను ఏనాడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఇంటికి రాగానే ఆమె బియ్యం కడగడానికి వంటింట్లోకి వెళ్లింది. నేను హాల్లో నిలబడి బావమరిదికి ఫోన్ చేశాను, ఆమెకు వినపడేటట్టే.

"చేరారా బావగారూ?"

"చేరాం. ఒక సంగతి చెప్పాలి. మీ అక్క గొంతు పోలేదు. కింద పట్టమని అడిగింది, నేను పట్టలేదు. నాకు ఆ శ్రుతి చేతకాదు. అందుకని నాకొచ్చినదాంట్లో పట్టి పాట చెడగొట్టాను."

"అయ్యో, దానికేముందిలెండి."

"ఉంది. ఆ పెద్దాయన నంబరు ఇయ్యి."

పెద్దాయనకీ అదే చెప్పాను. ఆయన, "పోనీలెండి, అక్కడ ఎవరికి తెలిసిందండీ," అన్నారు.

"మా ఆవిడకి తెలుసండీ. గొంతు పోయిందని మీతో నేనన్నది తప్పు. పోలేదండి."

తరువాత పెట్టె తీసి రెండు శ్రుతిలో ఆ పాట మొదలుపెట్టాను. నేర్చుకునేవాడిలా ఒక్కొక్క మెట్టూ వెతుక్కుంటూ వాయించాను. దోనె ఒడ్డు వదలకముందే రెండుసార్లు తప్పాను. ఆమె తడి చేతులతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఇంకా కిందకండీ."

ఒకటికి దించాను.

"ఇంకా."

"నువ్వే చెప్పు. నీ శ్రుతి ఏది?"

ఆమె గుమ్మాన్ని పట్టుకుని, నోరు మూసుకునే, ఒక్క స్వరం పలికింది. నేను మెట్లు నొక్కుతూ వెతికాను. కింద ఆరు దగ్గర రెండూ కలిశాయి. మా అత్తగారు ఇంట్లో ఉన్నట్టనిపించింది.

"ఇదేనండి," అంది.

"పాడతావా?"

"ఇవాళ కాదండి."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. పెంటపాడులో ఈపాటికి టెంటు విప్పేసి ఉంటారు, కుర్చీలు బండికి ఎక్కించి ఉంటారు. వచ్చినవాళ్లు ఎవరిళ్లకి వాళ్లు చేరి ఉంటారు. వాళ్లందర్నీ ఆ పాట కోసం మళ్లీ కూర్చోబెట్టడం నా వల్ల కాదు. ఆ శ్రుతిలో పాట వాయించడం కూడా నాకు రాలేదు. ఆ ఒక్క మెట్టు మీద వేలు పెట్టి, రెండో చేత్తో మెల్లగా గాలి కొడుతూ కూర్చున్నాను. ఆమె భోజనానికి పిలిచేదాకా వేలు తియ్యలేదు.