నానమ్మ అడిగినది

నానమ్మ పోయి ఏడాదిన్నర అయింది. ఎవరైనా ఆమె గురించి అడిగితే మంచి మనిషి అంటాను, మా వీధి మొత్తానికి పెద్దదిక్కు అంటాను. అవి అబద్ధాలు కావు. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఆమె మంచితనం కాదు, నేను ఆమె మీద విసుక్కున్న ఒక మధ్యాహ్నం.

ఆమె పుట్టింది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు పల్లెలో. పెళ్లయిన ఏడాదికే తాతయ్య వెంట ఓడెక్కి ఈ దీవుల్లోని రంగత్ వచ్చేసింది. తాతయ్య డింగీ అనే చిన్న పడవ మీద వేటకెళ్తే, ఆమె చేపల తట్ట నెత్తిన పెట్టుకుని బజారుకెళ్లేది. దిగిన రోజున హిందీ ఒక్క ముక్క రాదట. బేరాలాడి ఆడి నేర్చుకుంది. నాకు ఊహ తెలిసేసరికి బెంగాలీ వాళ్లతో, రాంచీ వాళ్లతో హిందీలోనే తగువులాడి, హిందీలోనే రాజీ పడేది.

నాకు మూడేళ్లప్పుడు అమ్మ జ్వరంతో పోయింది. తాతయ్య అంతకుముందే పోయాడు. నన్ను పెంచింది నానమ్మే. నాన్నా చిన్నాన్నా ఒకే డింగీలో వేటకెళ్లేవారు గానీ ఒడ్డుకొచ్చాక మాట్లాడుకునేవారు కాదు. ఆ పగ ఎక్కడ మొదలైందో మాకెవరికీ తెలీదు. నానమ్మ వాళ్లకి సుద్దులు చెప్పలేదు. చిన్నాన్నకి పెళ్లయి పిన్ని వచ్చాక కూడా ఇంట్లో రెండో పొయ్యి మాత్రం పెట్టనివ్వలేదు. ఇద్దరూ చెరో గోడకి ఆనుకుని కూర్చుని, ఆమె వడ్డించింది తిని లేచిపోయేవారు. మా వీధిలో ఎవరు ప్రసవించినా సొరచేపతో పిట్టు వండి గిన్నెతో పట్టుకెళ్లేది. పాలు పడతాయి తినమ్మా అని దగ్గర కూర్చుని తినిపించేది. వాళ్లది ఏ భాషైనా ఆమెకి ఒకటే.

మా ఇంట్లో మూడు పూటలా వరి అన్నమే. అది ఆమె పట్టుదల. చిన్నప్పుడు బియ్యం లేక ఏవేవో తాగి బతికామని, ఆ రాత తన పిల్లలకి వద్దని అనేది. ఏం తాగేవారో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. నన్ను బళ్లో తెలుగు సెక్షన్‌లో వేయించింది కూడా ఆమే. మన మాట మనకి రాకపోతే ఎలాగని నాన్నతో పోట్లాడి మరీ వేయించింది. అలా నాకు పుస్తకాల తెలుగు బాగానే వచ్చింది.

తర్వాత నాకు పోర్ట్ బ్లెయిర్‌లో క్లర్కు ఉద్యోగం, డెలానీపూర్‌లో క్వార్టరు వచ్చాయి. వారం వారం రంగత్ నుంచి వచ్చే బస్సులో ఎండు నెత్తళ్ల కూర డబ్బా కట్టి పంపేది. కండక్టరుకి ఏం చెప్పి ఇచ్చేదో గానీ, అతను నన్ను చూడగానే "తుమ్హారీ దాదీ బహుత్ డాంట్‌తీ హై", మీ నానమ్మ తెగ కోప్పడుతుంది అని నవ్వుతూ చేతికిచ్చేవాడు.

ఒకరోజు పొద్దున్న నానమ్మ కొళాయి దగ్గర చేపలు కోస్తుంటే కత్తిపీట మీద నుంచి పక్కకి ఒరిగిపోయిందట. మూతి వంకర పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. రంగత్ ఆసుపత్రి వాళ్లు పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్లమన్నారు. అంబులెన్సులో ఆమె తల ఒళ్లో పెట్టుకుని నాన్న వచ్చాడు. దారి పొడుగునా తన చొక్కా పట్టుకునే ఉందని తర్వాత చెప్పాడు. రెండు వారాల తర్వాత, ఇక ఇంట్లోనే చూసుకోమన్నారు. మా క్వార్టరుకి తెచ్చుకున్నాను.

మొదట పోయింది హిందీ. పక్క క్వార్టరు దీదీ వచ్చి "దాదీ, కైసీ హో" అని పలకరిస్తే నానమ్మ ఆమె వైపు అలా చూస్తూ ఉండిపోయింది. అన్నేళ్లు బజారంతా ఏలిన భాషలో ఒక్క మాటైనా మిగల్లేదు. తెలుగు కూడా నేను ఎరిగినది కాదు. చిన్నప్పుడు తన పల్లెలో మాట్లాడినదేమో, సగం నాలుక మడత పడి సగం మింగేసి వచ్చేది. కొన్ని రోజులకి ఒక్క మాటే మిగిలింది. పొద్దున్నా సాయంత్రం అదే. "సోడే... సోడే..."

సూడే అంటోందనుకున్నాను. చూడమంటోందని. "చూస్తున్నాను నానమ్మా, ఇక్కడే ఉన్నాను" అనేదాన్ని. ఆమె తల అడ్డంగా ఊపేది. కిటికీ వైపు మంచం తిప్పాను. నాన్నని పిలిపించి ఎదురుగా నిలబెట్టాను. చిన్నాన్న వచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. పాత ఫోటోలు ఒక్కొక్కటే చూపించాను. అన్నిటికీ అదే మాట. గ్లూకోజు నీళ్లు, పాలలో ఉడికించిన సూజీ రవ్వ స్పూనుతో పెడితే పెదాలు బిగించేది.

ఆ మధ్యాహ్నం సెలవు అయిపోతోందని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అంతకుముందే రెండుసార్లు దుప్పట్లు మార్చాను. సూజీ నోట్లో పెడితే ఉమ్మేసి మళ్లీ అదే మాట అంది.

"చూస్తూనే ఉన్నాను కదా, ఇంకా ఏం చూడాలి నానమ్మా? నా ప్రాణం తీయకు" అన్నాను.

గొంతు పెంచి అన్నాను. ఆమె నా మొహం వైపు కాసేపు చూసింది. తర్వాత స్పూను దగ్గరికి తెస్తే నోరు తెరిచింది. ఆ తర్వాత ఆ మాట మళ్లీ అనలేదు. ఏ మాటా అనలేదు. దారికొచ్చిందని నేను కాస్త తేలికపడ్డాను కూడా. తొమ్మిదో రోజున, నేను బయట దుప్పట్లు ఆరేసి లోపలికి వచ్చేసరికి ఊపిరి లేదు.

నానమ్మకి తోడబుట్టిన వాళ్లలో ఒక చెల్లెలు ఇంకా ఆ పల్లెలోనే ఉంది. ఓడెక్కే ఓపిక లేని మనిషి. దహనం అయిన మర్నాడు నేనే ఫోన్ చేశాను. చాలాసేపు ఏడ్చి, ఆఖర్న నోట్లోకి ఏం పెట్టారని అడిగింది. పాలు, సూజీ అన్నాను.

"సోడంబలి తాగిందేటమ్మా?" అంది.

అదేమిటో నాకు తెలీదన్నాను.

"సోళ్లమ్మా. మీరు రాగులంతారు. సిన్నప్పుడు మాకు జరమొస్తే మాయమ్మ సోడంబలి కాసి పోసీది. నీరసమొస్తే మీ నానమ్మకి అదొక్కటే దిగీది. సోడి, సోడి అని ఏడిసీది."

నేను బళ్లో చదువుకున్న పుస్తకంలో రాగులు అని ఉంది. బొమ్మ కూడా ఉంది. సోడి అని ఎక్కడా లేదు.

"తాగింది" అన్నాను. "రోజూ తాగింది."

పోన్లే తల్లీ, బతికించావు అంది ఆమె. నెలకోసారైనా ఫోన్ చేసి ఆ మాట మళ్లీ అడుగుతుంది, తాగిందన్నావు కదా అని. తాగిందనే చెబుతాను.

నాన్నకి మాత్రం నిజం చెప్పాను. తిట్టలేదు. "మీ క్వార్టరు కింద కొట్లోనే రాగిపిండి ప్యాకెట్లు ఉంటాయి కదే" అని మాత్రం అన్నాడు. నాకూ తెలుసు. అందులోనే నేను సూజీ కొన్నాను.

రంగత్‌లో పదకొండో రోజు భోజనాలయ్యాక చిన్నాన్న, పిన్ని సామాను సర్దుకుని చౌల్దారీలో పిన్ని పుట్టింటికి వెళ్లిపోయారు. నాన్న ఆపలేదు. డింగీ ఒక్కడు నడిపేది కాదు, ఒడ్డున బోర్లించి ఉంచేశాడు. ఇప్పుడు జెట్టీలో కూలికి వెళ్తున్నాడు. ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి కలపాలని చూశాను. నానమ్మ పేరు ఎత్తితే ఇద్దరూ ఫోన్ పెట్టేస్తారు. నాకు ఆమె ఓర్పు లేదు. ఆమె చెయ్యీ లేదు.

పోయిన నెల రంగత్ వెళ్లాను. నాన్న హోటల్లో తింటున్నాడు, పొయ్యి వెలిగించి ఎన్నాళ్లయిందో. కోనాం చేప ముక్కలు తెచ్చి పులుసు పెట్టాను. సగం తిని కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

"నువ్వింక ఇంత దూరం తిరక్కే. ఇక్కడేటుందని" అన్నాడు.

మిగిలిన పులుసు మీద మూత పెట్టాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వచ్చేశాను.