రోడ్డుకు ఇవతలి నల్లా

మంచిర్యాలలో మా వీధి చివర మిర్చీబజ్జీల బండివాడు ఇప్పటికీ బొగ్గుపొయ్యే రాజేస్తాడు. సాయంత్రం పూట ఆ పొయ్యి అంటుకునేటప్పుడు లేచే తొలి పొగ, కాస్త కిరసనాయిలూ కాస్త గంధకమూ కాస్త తడి పిడకా కలిసిన ఆ ఘాటు నా ముక్కుకు తగిలితే చాలు, యాభై దాటిన ఈ కడుపులో పదేళ్ల పిల్లనాటి మంట మళ్లీ లేస్తుంది. ఆకలి మంట కాదు. కుళ్లు. నీళ్లు కలపని, చిక్కటి కుళ్లు.

ఆ పొగ పొద్దున్నే మా అమ్మ చెల్లెలు చిన్నవ్వ క్వార్టర్ ముందు లేచేది. నస్పూర్ పక్కన మా ఊరికీ గని కంపెనీ కాలనీకీ నడుమ ఒక్క తారురోడ్డే అడ్డం. అవతల కంపెనీ, ఇవతల పంచాయతీ. అవతల దారం పట్టి గీసినట్టు వరుసలు వరుసలుగా పసుపు సున్నం వేసిన ఇళ్లు, తలుపు తలుపుకూ నల్లరంగు నంబరు, ఇంటింటికీ నల్లా, గోడకు టిక్కుమనే స్విచ్చు, పిల్లలకు జారుడుబండ, నెల తిరిగేసరికి గుమ్మం ముందు కుప్పపోసే బొగ్గు. ఇవతల మేము, మా బర్రెలు, వానకాలం మోకాలి దాకా దిగబడే బురద. గోదావరి నుంచి కాలనీకి నీళ్లు తీసుకుపోయే లావాటి ఇనుప పైపు మా మక్కచేను గట్టు మీదుగానే పోయేది. ఎండాకాలం మధ్యాహ్నం దానికి చెవి ఆనించి పడుకుంటే లోపల నది గుసగుసలాడుతూ మా పక్కనుంచే చిన్నవ్వ ఇంటికి పోవడం వినిపించేది. నా చెవికైతే చేపలు మాట్లాడుకోవడం కూడా వినిపించింది. వాటికి మా ఊరు నచ్చేది కాదు.

అవ్వంటే మా అమ్మ. అవ్వా చిన్నవ్వా లక్సెట్టిపేటలో ఒకే కంచంలో తిని పెరిగిన అక్కచెల్లెళ్లు. అవ్వను భూమీ ఇల్లూ ఉన్న మా బాపుకు ఇచ్చారు. చిన్నవ్వను ఏమీ లేని కాకయ్యకు ఇచ్చారు. పెళ్లిలో అందరూ చిన్నవ్వను చూసి అయ్యో అన్నారట. తర్వాత కాకయ్యకు బొగ్గుబాయిలో పని దొరికింది, క్వార్టర్ దొరికింది, అయ్యో అన్న నోళ్లు మూతపడ్డాయి. అప్పటినుంచి అవ్వ బిందె చంకన పెట్టుకుని రోడ్డు దాటి చెల్లెలి నల్లా దగ్గర నిలబడాల్సి వచ్చింది. చిన్నవ్వ కూతురు సరోజ ఆ నల్లాను నా కోసమే తిప్పినట్టు తిప్పేది, కట్టేది, మళ్లీ తిప్పేది. దాని గౌను మీద పడ్డ తుంపర్లు చూసినా నాకు కడుపు మండేది.

మా ఇల్లు చిన్నదేం కాదు. గూన పెంకల ఇల్లు, మూరెడు మందం మట్టిగోడలు, నడిమిట్ల ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ టేకు స్తంభాలు. వానొస్తే నాలుగు దిక్కుల నుంచీ చూరునీళ్లు ఆ వాకిట్లోకి దూకేవి; చలికాలం పొద్దున అక్కడే ఎండకు కూర్చుని సకినాలు నమిలేవాళ్లం; మామిడి తొక్కు జాడీలూ, మినుములూ, బాపమ్మ కునుకూ అన్నీ అక్కడే ఎండేవి. బాపమ్మంటే బాపు తల్లి. ఆ ఇంట్లో ఏ స్తంభం ఏ అడవి నుంచి వచ్చిందో, దాన్ని లాగిన ఎడ్ల పేర్లతో సహా చెప్పేది.

ఇంతలో ఎలక్షన్లొచ్చాయి. జీపు మీద నిలబడి ఒక నాయకుడు, కంపెనీ పైపుకు బొక్క పెట్టించి అయినా సరే, దసరాకల్లా మా ఊళ్లో ఇంటింటికీ నల్లా పెట్టిస్తానన్నాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. అవ్వ మాత్రం చప్పట్లు కొట్టలేదు, ఇంటికొచ్చి బాపు ముందు కూర్చుంది.

"ఇగో, ఇంటున్నవా? నల్లా వస్తదట. గీ మట్టిగోడలకు నల్లా ఎట్ల నిలుస్తది?"

"నిలువకుంటె పట్టుకోని నిలబడుతా తియ్యి."

"నీకు నవ్వులాటే. నా చెల్లె ముంగట బిందె పట్టుకోని నిలబడేది నేను. గసొంటి ఇల్లు కట్టు. ఒక్కపారి, ఒక్కటంటె ఒక్కపారి, అది మనింటికి వస్తె నా నల్లా నేను ఇప్పి సూపియ్యాలె."

ఆ పంటకాలమంతా బాపుకు ఉప్పులేని చారే దక్కింది. చివరికి ఇల్లు కూలగొట్టించాడు. క్వార్టర్లు కట్టిన మేస్త్రినే పిలిపించాడు. అతనికి తెలిసింది ఒకటే ఇల్లు, అదే కట్టాడు. రెండు అర్రలు, ఒక వంటిల్లు, పైన స్లాబు, పసుపు సున్నం. అలవాటు కొద్దీ తలుపు మీద నంబరు కూడా వేశాడు, అవ్వ తుడవనియ్యలేదు. కరెంటు లేని గోడకు స్విచ్చులు పెట్టించింది. వంటింటి గోడకు ఇత్తడి నల్లా బిగించి, స్లాబు మీదికి పైపు లాగించి, అక్కడికి నీళ్లు వచ్చే దాకా ఉండనిమ్మని పైపు మూతికి గుడ్డ కుక్కించింది. ఊరు ఊరంతా వచ్చి ఆ ఎండు నల్లాను తిప్పి చూసి పోయింది. ఎండాకాలం ఆ స్లాబు ఎంత కాగేదంటే, పైన ఆరబోసిన పల్లీలు వాటంతటవే వేగి కిందికి వాసనొచ్చేది. నమ్మకపోతే బాపమ్మను అడగమనేదాన్ని, ఆవిడ ఇప్పుడు లేదు. బాపమ్మ మాత్రం వాకిలి పోయిన రోజు నుంచి కోడలితో మాట మానేసింది.

నాయకుడు ఎప్పుడో గెలిచాడు. దసరా దగ్గరికొచ్చింది. పైపు మాత్రం రోడ్డు దాటలేదు. అవ్వ అప్పటికే మా నల్లాకు నీళ్లు వచ్చాయని కాలనీలో చెప్పేసింది. అంతే, సద్దుల బతుకమ్మ నాడు చిన్నవ్వా సరోజా కొత్త పట్టులంగాలూ చీరలూ కట్టుకుని మా ఇంటికి బయలుదేరారు.

ఇంటినిండా తంగేడు, గునుగు, నువ్వుల సద్ది వాసన. అవ్వ ముఖం మాత్రం కడిగి ఆరబెట్టిన గిన్నెలా ఉంది. చిన్నవ్వ వంటింట్లోకి రాగానే సరోజ నేరుగా నల్లా దగ్గరికే పోయింది.

"పెద్దవ్వా, ఇప్పాల్నా?"

అవ్వ అడ్డం పోయేలోపే సరోజ తిప్పేసింది. ముందు నల్లా దగ్గింది. తర్వాత బుస్సుమంది. తర్వాత బొడబొడా నీళ్లు దూకాయి, వాటితోపాటు ఒక తంగేడు పువ్వు కూడా. అవ్వ గుడ్లప్పగించి చూసింది. పైన స్లాబు మీద ఎవరో ముసలి మనిషి ఆయాసపడుతున్న చప్పుడు కింది దాకా వస్తోంది. బతుకమ్మ కోసం పూలు తడిపి పెట్టుకున్న బిందెనే బాపమ్మ పైకి మోసుకుపోయి, గుడ్డ పీకి పైపులో పోస్తోంది. నెలల తరబడి మాట్లాడని కోడలి కోసం.

చిన్నవ్వ పువ్వును చూసింది, పైకప్పును చూసింది, అక్కను చూసింది. గిలాసలో నీళ్లు పట్టుకుని తాగింది.

"గోదారి నీళ్లేనే అక్కా. తియ్యగున్నయి."

అవ్వ చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. చిన్నవ్వ అర్రలన్నీ తిరిగింది. ఏదో పారేసుకున్నట్టు తలుపు తలుపూ తీసి చూసింది.

"వాకిలేదే?"

"తీసేసినం."

"గంత సక్కటి వాకిలి! నేను కాలనీల అందరికి చెప్పుకుంట తిరిగేదాన్ని గదనే, మా అక్క ఇంట్ల మొగులు కనిపిస్తదని. మాది రేపు ఆయన రిటైరైతె తాళంచెవి ఇచ్చి పోవుడేనాయె. నీది నీదుండె."

అవ్వ పోయి నల్లా కట్టేసింది. అప్పటికే బిందె అయిపోయింది.

కాకయ్య తొంభైల్లో రిటైరయ్యాడు, తాళంచెవి ఇచ్చేశాడు, మా పక్కనే జాగా కొన్నాడు. చిన్నవ్వ మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని నేల మీద పుల్లతో గీసి మరీ కట్టించింది: గూన పెంకలు, టేకు స్తంభాలు, నడిమిట్ల వాకిలి. అవ్వ మా క్వార్టర్ గుమ్మంలో నిలబడి రోజూ చూసేది. "నా ఇల్లు నాకే సూపిస్తాంది ముండ" అనేది. సకినాలు చేసినప్పుడు మాత్రం అక్కడికే పోయి ఎండకు కూర్చుని తినేది.

మంచిర్యాల జిల్లా అయ్యాక రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి రెండిళ్లకూ ఎర్రగీతలు గీసిపోయారు. మంచం మీదున్న అవ్వకు చెబితే ఒకటే అడిగింది.

"దానిది ఎందాక పోతాంది?"

"వాకిలి దాకా."

అవ్వ ఒత్తిగిలి "మనది మొత్తం తీసుకపొమ్మను. గా వాకిలి ఉండనియ్యుమను" అంది. ఎవరికి చెప్పాలో మాకు తెలియలేదు. చెప్పినా రోడ్డుకు చెవులుండవు.

ఇప్పుడు అక్కడ నాలుగు వరుసల రోడ్డు. పాత కాలనీలో సగం ఇళ్లు నేలమట్టం. వాకిలి ఉన్నచోట నడుమ దిమ్మె మీద గన్నేరు మొక్కలు నాటారు. వారానికోసారైనా ఆ దారిన పోతాను. పొద్దున్నే మున్సిపాలిటీ ట్యాంకరు వచ్చి ఆగి, అడగకుండానే, ఏ ఎలక్షనూ లేకుండానే, ఒక్కో మొక్క మొదట్లో నింపాదిగా నీళ్లు పోసి పోతుంది. ఆటోలో కూర్చుని ఆ గన్నేరు చెట్లను చూస్తాను. వాటి భోగం చూస్తే నాకు కడుపు మండిపోతుంది.