లావు అక్షరాల శుభలేఖ

ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, నూజివీడు కుర్రాళ్లలో ప్రేమించే ధైర్యం లేనివాళ్లు సినిమా పాటల్నో వెన్నెలనో ప్రేమించుకునేవాళ్లు. నేను మాత్రం ఒక ఇంగ్లీషు టైపును ప్రేమించాను. డిగ్రీ అయ్యాక బాబాయి ప్రెస్సులో కంపోజింగుకు కూర్చున్నాను. మామిడికాయల పెట్టెల మీద అంటించే లేబుళ్ల కోసం ఆయన మద్రాసు నుంచి కొత్త సీసపు అక్షరాలు తెప్పించాడు. లావుపాటివి, పాతకాలపు తీరువి. ఒక గీత బలంగా, పక్కది సన్నగా, ప్రతి కాలికీ అడుగున చిన్న పాదం. మిగతా టైపులు గాలికి ఒరిగిపోతాయేమో అనిపించేది గానీ, ఇవి పెళ్లిపెద్దల్లా కాళ్లు నిలదొక్కుకుని ఉండేవి. తోటల మీంచి పూత వాసన తేలివచ్చే మధ్యాహ్నాల్లో పెద్ద 'ఆర్'ను అరచేతిలో పెట్టుకుని, అది చాచిన కాలునే చూస్తూ కూర్చునేవాణ్ణి. "అన్నం తింటావా, దాన్నే నంజుకుంటావా?" అనేవాడు బాబాయి.

ఆ వేసవిలో నాకు చింతలపూడి సంబంధం కుదిరింది. పెళ్లిచూపుల్లో అమ్మాయితో ఒక్క మాటా మాట్లాడలేకపోయాను. (కాఫీలో పంచదార ఎక్కువైందని అమ్మ చెవిలో అన్నాను. అది మాత్రం ఆ అమ్మాయికి వినపడింది.) రెండు వైపులవాళ్ల శుభలేఖలూ మా ప్రెస్సులోనే. ఇంకేం, మా ఇద్దరి పేర్లూ ఇంగ్లీషులో, ఆ లావు టైపులోనే కూర్చి అచ్చు వేశాను.

కార్డులు తీసుకెళ్లడానికి కాబోయే మావగారు, అత్తగారితో కలిసి వచ్చారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. కట్ట విప్పి, ఒక కార్డు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది శుభలేఖా, రసాల పెట్టె మీద కాగితమా బాబూ?" అన్నారు. "ఇది పట్టుకుని మా వాళ్ల గుమ్మాలు ఎక్కలేను. సన్నటి అక్షరాలతో మళ్లీ వేయించండి. కుదరదంటే పెళ్లి సంగతి కూడా ఇంకోసారి ఆలోచించుకుందాం."

బాబాయి అప్పటికే సన్న టైపు వైపు చెయ్యి చాపాడు. అప్పుడు అత్తగారు నెమ్మదిగా అన్నారు. "కళ్లద్దాలు ఇంట్లోనే మర్చిపోయారు కదండీ. మరి ఎలా చదివారు?"

ఆయన మళ్లీ కార్డు చూశారు. చెయ్యి బారుగా చాపి, కూతురి పేరు అక్షరం అక్షరం చదువుకున్నారు. "కనపడుతోంది," అన్నారు నేరం ఒప్పుకున్నట్టు. వేలు కిందికి జరిపి, "కింద సన్నగా ఏదో ఉంది, ఏంటది?"

"ముహూర్తం అండీ," అన్నాను.

"అది కూడా లావు చెయ్యండి."

పెళ్లికి వచ్చిన రెడ్డిగూడెం మామిడికాయల షావుకారు, కార్డు అందగానే కాయల కోసం గుమాస్తాను పంపబోయానని అందరికీ చెప్పి నవ్వించాడు. పందిట్లో భోజనాల దగ్గర నా భార్య మొదటిసారి నాతో మాట్లాడింది, తల వంచుకునే. "నా పేరు అంత బలంగా ఉంటుందని నాకు తెలీదండీ."

జవాబు చెప్పాలని చాలా అనుకున్నాను. చివరికి పప్పు వడ్డించమన్నాను. అప్పటి నాలోని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నోటితో చెప్పడం చేతకాక, పాపం, అచ్చు వేసి ఊరంతా పంచిపెట్టాడు.