తెల్లమద్ది పెచ్చులు

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు మళ్లీ పాడైంది. బాగుచేయించమంటే, మెట్లెక్కడం ఆరోగ్యానికి మంచిదని ప్రెసిడెంటుగారు వాట్సాప్‌లో పెట్టారు. ఆయనది గ్రౌండ్ ఫ్లోరు. నాది నాలుగు. ఈమధ్య రెండో అంతస్తు మలుపులో కాసేపు ఆగుతున్నాను. అక్కడి కిటికీలోంచి కాలువ గట్టు మీది తెల్లమద్ది కనిపిస్తుంది. ఎండలకి బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడి, లోపలి నుంచి నున్నటి కొత్త ఒళ్లు బయటపడుతోంది. చెట్టు చూడ్డానికే ఆగుతున్నానని ఇంట్లో చెప్పాను. ఎడమ చెయ్యి లాగుతున్న సంగతి చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

పామర్రులో మా పెదనాన్న పెరట్లోనూ ఒక తెల్లమద్ది ఉండేది. గుండెకు మంచిదని దాని బెరడు పాలల్లో కాచి, పొద్దున్నే ముక్కు మూసుకుని తాగేవాడు. బెజవాడ డాక్టరు ఆపరేషన్ అన్నాక తాగడం ఎక్కువైంది. "ఆ చెట్టు బాగున్నంత కాలం నాకేం కాదు," అనేవాడు. ఇంటికి ప్రార్థనకు వచ్చే పాస్టరుగారి చేత చెట్టు కోసం కూడా రెండు మాటలు చెప్పించేవాడు. నేను డిగ్రీ పరీక్షలు రాసి వెళ్లిన వేసవిలో ఆ చెట్టు ఒళ్లంతా పెచ్చులూడటం మొదలైంది. అంతకుముందూ ఏటా ఊడే ఉంటుంది. దాని మీద ఎవరి ప్రాణమూ ఆధారపడలేదు గనక మేమెవరం చూడలేదు. పెద్దమ్మకి కాళ్లూ చేతులూ ఆడలేదు. "చెట్టు పోతోందిరా నాయనా! ఆయన చూశారంటే గుండె ఆగిపోద్ది," అని, ఆయన లేవకముందే పెచ్చులన్నీ ఊడ్చి నీళ్లపొయ్యిలో పెట్టేసేది. పెదనాన్నేమో తెల్లబడ్డ మాను చూసి, "రంగు తేలిందే!" అని మురిసిపోయాడు. ఇంక ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. ఆ పెచ్చులు కళ్లబడి ఉంటే హడలిపోయి ఆసుపత్రికి పరిగెత్తేవాడేమో. మేం ఆయన్ని భయపడనివ్వలేదు. తొలకరి నాటికి చెట్టు నిగనిగలాడుతోంది. పెదనాన్న భూస్థాపనకి వచ్చినవాళ్లకి దాని నీడలోనే కుర్చీలు వేశాం.

కంటి పరీక్షకని పెద్దమ్మ మొన్న మా ఇంటికొచ్చింది. నిన్న ఇద్దరం కలిసే మెట్లెక్కాం. రెండో అంతస్తులో అలవాటుగా ఆగి కిటికీ వైపు తిరిగాను. కాలం చెట్టుకైతే పాతది ఒలిచి కొత్తది తొడుగుతుంది, మనకి ఒలవడం వరకే చేస్తుంది. ఈ ముక్క ఆవిడకి చెప్పి నవ్విద్దామనుకున్నాను. ఆవిడ కిటికీ వైపు చూడలేదు. నా మొహంలోకే చూసింది.

"మీ పెదనాన్న కూడా ఇలాగే, చెట్టు చూస్తున్నాననే ఆగేవారురా."