ఒక వేలు పైన

చిక్కడపల్లిలో ఎవరికి ఏ నొప్పి వచ్చినా, అంతకంటే పెద్ద నొప్పి ప్రహ్లాద్ గారికి ఉండి తీరుతుంది. పంటినొప్పితో చెంప పట్టుకుని కూర్చున్నవాడి పక్కకు వచ్చి కూర్చుంటారు. మెడకున్న నీలం పట్టీ సవరించుకుంటారు. "గదొక నొప్పా?" అంటారు. ఇక ఆ తర్వాత అరగంట దాకా పంటి ఊసు ఎవరూ ఎత్తరు.

ఆయనది మెడలో నరం నొక్కుకుపోయిన నొప్పి. కుడివైపుది. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన రోజుల్లో పిల్లల వేళ్ల మీదికి వంగి వంగి తెచ్చుకున్నది. దాని వర్ణన గల్లీ మొత్తానికి కంఠతా వచ్చు. "మెడకాడ బయలెల్లుతది. భుజంకాడ ఆగుతది. మోచేతికాడ జర చాయ్ తాగుతది. చూపుడువేలు కాడ దిగుతది. అచ్చం సిటీ బస్సే. తేడా ఏందంటే, ఇది టైముకు వస్తది!"

ఉదయ్ కుమార్ అని పక్కింటి కుర్రాడు స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, పరామర్శకు వెళ్లిన మొదటి మనిషి ఈయనే. "కాలు ఇరిగితే కండ్లకు కనిపిస్తది. అందరు పండ్లు పట్టుకొని వస్తరు. నరం ఒత్తుకుంటే ఎవనికి కనిపిస్తది? నాకు ఒక్క బత్తాయన్న ఇచ్చినోడు ఉన్నడా?" అని నిలదీశారు. పాపం, మంచంలో ఉన్న ఉదయ్ కుమారే తనకొచ్చిన బత్తాయిల్లో సగం ఆయన సంచిలో వేసి సాగనంపాడు.

ఇంట్లోనూ ఇంతే. భార్య నళిని గారు తలనొప్పి వస్తే ఆయనకు తెలియకుండా వంటింట్లోకి పోయి మాత్ర మింగి వస్తారు. తెలిస్తే తన తలనొప్పితోపాటు ఆయన మెడనొప్పి కూడా మోయాలి గదా!

అటువంటి మనిషి పక్క కుర్చీలోకి రోజా వచ్చి పడింది. ఇక్కడ కాసేపు నవ్వు పక్కన పెట్టాలి, రోజాది నిజంగా నొప్పే.

జనగామ వైపు పల్లె నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్ వన్‌కు చదువుతోంది రోజా. ప్రిలిమ్స్ గట్టెక్కింది. మెయిన్స్ ముందుంది. అది గుర్తులు పెట్టి వచ్చే పరీక్ష కాదు, పేజీలకు పేజీలు చేత్తో రాయాల్సిన పరీక్ష. పొద్దస్తమానం స్టడీ హాల్లో మెడ వంచి కూర్చోవడం, పడుకునేటప్పుడు దిండు బదులు లావుపాటి పాలిటీ పుస్తకం తలకింద పెట్టుకోవడం. అశోక్‌నగర్‌లో అదో అలవాటు, బుర్రలోకి ఎక్కనిది కనీసం బుర్రకింద ఉంటుందని ధైర్యం. ఒక పొద్దున జవాబు రాస్తుండగా పెన్ను వేళ్లలోంచి జారి కింద పడింది. తీసి పట్టుకుంటే మళ్లీ పడింది. మెడ నుంచి వేళ్ల దాకా మంట, తిమ్మిరి. చెయ్యి భుజం పైకి లేవలేదు.

ఇంట్లో చెప్పలేదు. చెబితే అమ్మ ఒక్కటే మాట అంటుంది, చదివింది చాలు ఇంటికి రమ్మని. డాక్టరు ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. మందులు రాసి, నారాయణగూడలో త్రివేణి అనే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపాడు. రోజూ వ్యాయామం చెయ్యాలి, చెయ్యకపోతే చెయ్యి లేవదు. చెయ్యి లేవకపోతే పరీక్ష లేదు. ఎడమచేత్తో కుడిచేతిని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని రోజా ఆ క్లినిక్ మెట్లెక్కింది.

"ఏమైంది బిడ్డా?" పక్క కుర్చీలోంచి నీలం పట్టీ అడిగింది.

"నరం ఒత్తుకుంది సార్. చెయ్యి లేస్తలేదు. రాత్రి నిద్రలేదు," అంది రోజా. చెబుతుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గదొక నొప్పా?" అన్నారు ప్రహ్లాద్ గారు.

రోజా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. హాస్టల్లో అందరూ అయ్యో అన్నారు, ఆయింట్‌మెంట్ ఇచ్చారు, బట్టలు ఉతికిపెట్టారు. ఇట్లా అన్నవాడు ఒక్కడూ లేడు.

"తలకింద ఏం పెట్టుకొని పంటవ్?"

"పాలిటీ పుస్తకం సార్."

"రాజ్యాంగం మీద పండుకుంటే మెడ పట్టదా? అది కూసొని చదివేది, పండుకునేది కాదు. నాది టైపు మిషన్ల నొప్పి. ఇనుము నొప్పి! నీది కాగితం నొప్పి. కాగితానికే ఇంత పరేషానా?"

క్లినిక్‌లో ఒక గోడ ఉంది. దానికెదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి నడవాలి. చెయ్యి ఎక్కడిదాకా పోతే అక్కడ త్రివేణి పెన్సిల్‌తో గీత గీస్తుంది. మొదటిరోజు రోజా వేళ్లు ఛాతీ ఎత్తు దాటలేదు. ప్రహ్లాద్ గారు మూలుగుతూ లేచి, అబ్బా అమ్మా అంటూ వేళ్లు నడిపించి, ఆమె గీతకు సరిగ్గా ఒక వేలు పైన ఆగారు.

"చూసినవా? అరవై దాటినోన్ని, ఇనుము నొప్పి. అయినా నీకంటే పైన్నే!"

రోజాకు ఒళ్లు మండింది. హాస్టల్లో కూడా చెయ్యమంటే, చదువుకు టైం లేదు మేడమ్ అని త్రివేణితో అంతకుముందే అన్న పిల్ల, ఆ రాత్రి హాస్టల్ గది గోడ మీద వేళ్లు నడిపింది. స్టడీ హాల్లో పుస్తకం కిందకి రెండు ఇటుకలు తెచ్చి పెట్టి కళ్ల ఎత్తుకు లేపింది. పాలిటీని తలకింద నుంచి తీసేసి పల్చటి దిండు కొనుక్కుంది. చెయ్యి గుంజినప్పుడల్లా ఆ నీలం పట్టీ, ఆ నవ్వు గుర్తొచ్చేవి. పళ్లు బిగించి ఇంకో వేలు పైకి పోయేది.

ఏం లాభం? తను భుజం దాకా పోతే ఆయన అంతకు ఒక వేలు పైన. తను చెవి దాకా పోతే ఆయన అంతకూ ఒక వేలు పైన. "నీ బస్సు ఇయ్యాల ఏడ దిగింది?" అనేవారు. "మోచేతి కాడ సార్. వేళ్ల దాకా వస్తలేదు." "సగం తోవల దిగిపోయే బస్సు గూడ బస్సేనా!" అని తీసిపారేసేవారు. వేళ్లలో తిమ్మిరి పోయిందని ఆ తిట్టు విన్నాకే రోజాకు తట్టింది.

పరీక్ష దగ్గరపడింది. హాల్‌టికెట్ ప్రింట్ తీసుకుందామని చిక్కడపల్లికి పోయింది. ఒకప్పటి టైపు ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు జిరాక్స్ సెంటర్. అందులో కిరాయికి ఉన్న కమలాకుమారి షట్టర్ బిగుసుకుపోయి బయట నిలబడి ఉంది. ఇంటి ఓనరు వచ్చాడు. మెడకున్న నీలం పట్టీ విప్పి స్కూటర్ హ్యాండిల్‌కు తగిలించాడు. కుడిచేత్తో షట్టర్ పట్టి, ఒక్క గుంజు గుంజి, నెత్తి మీదికి ఎత్తేశాడు. మెడ వెనక్కి వాల్చి, పైన ఏం ఇరుక్కుందో తీరిగ్గా చూశాడు కూడా. అది ప్రహ్లాద్ గారు!

ప్రింట్ సంగతి మరిచి రోజా అక్కడి నుంచి అటే నారాయణగూడకు నడిచింది.

"మేడమ్, ఆయనకు నొప్పీ లేదు, ఏం లేదు! ఇన్ని రోజులు నన్ను ఎక్కిరిచ్చిండు!" అంది రొప్పుతూ.

త్రివేణి నింపాదిగా చేతులు తుడుచుకుంది. "సార్‌కు తగ్గి చాన రోజులైంది. రావొద్దన్నా వస్తడు. ఒకప్పుడు నిజంగనే పడ్డడు రోజా, నళినమ్మ అన్నం కలిపి నోట్లె పెట్టేది. నువ్వు మొదటిరోజు కూసున్నట్టే ఆ కుర్చీల కూసొని ఏడ్చిండు. అయ్యో పాపం అనేటోళ్లు నీకు హాస్టల్ నిండ ఉన్నరు. వాళ్ల మాటకు నీ చెయ్యి లేసిందా? నేను చెప్తే చేసినవా?"

రోజా గోడ వైపు చూసింది. గీతలు కింద నుంచి పైదాకా వరసగా ఎక్కుతున్నాయి. తన గీత, దాని మీద ఒక వేలు ఎత్తున ఆయన గీత. తనది, ఆయనది. షట్టర్‌ను నెత్తి మీదికి ఎత్తగల మనిషి, ప్రతిరోజూ తనకు ఒక్క వేలు అందనంత ఎత్తులో చెయ్యి ఆపి అబ్బా అమ్మా అన్నాడు. కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ మనిషి మీద కడుపు నిండా ప్రేమ పుట్టింది.

పరీక్షలు రాసింది. పెన్ను ఒక్కసారీ జారలేదు. చివరి పేపరు అయిన మర్నాడు క్లినిక్‌కు వచ్చి, ఎవరూ అడగకుండానే గోడ దగ్గరికి వెళ్లి చెయ్యి పూర్తిగా పైకి చాచింది. ప్రహ్లాద్ గారు మూలుగుతూ లేచారు. వేళ్లు నడిపించారు. ఆమె గీతకు ఒక వేలు కింద ఆగిపోయారు.

"ఓడిపోయిన," అన్నారు గంభీరంగా. "ఇయ్యాల ముసురు పట్టింది. ముసురుకు నరం గుంజుతది."

"అవును సార్," అంది రోజా. "షట్టర్లు కూడ బిగుసుకుంటయి."

ప్రహ్లాద్ గారు పట్టీ సవరించుకున్నారు. త్రివేణి వైపు చూశారు. త్రివేణి కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆయన ముఖం పరీక్ష తప్పిన పిల్లవాడి ముఖంలా అయింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఎడమచేత్తో కుడిచేతిని మోసుకుంటూ ఒకాయన లోపలికి వచ్చాడు. గాంధీనగర్‌లో కుట్టుపని చేస్తాడట, పేరు సాగర్. "అక్కా, చెయ్యి పనికి రాకుంట పోతదేమో..." అంటూ ఏడుపు అందుకున్నాడు.

ప్రహ్లాద్ గారు నోరు తెరిచి, రోజా వైపు చూసి, నోరు మూసుకున్నారు.

"అన్నా, నీ నొప్పి సంగతి ఈ సార్ ముందల తియ్యకు," అంది రోజా. "ఆయనది మనందరి కంటే పెద్దది. మనయి ఆయన ముందల నొప్పులే కావు."

సాగర్ ఏడుపు ఆపి ఎగాదిగా చూశాడు. "ఏం, ఆయనదేమన్న బంగారు నొప్పా?" అన్నాడు రోషంగా.

"ఇనుము నొప్పి!" అన్నారు ప్రహ్లాద్ గారు, ముఖం వెలిగిపోతుండగా. అబ్బా అమ్మా అంటూ చేత్తో మెడ పట్టుకున్నారు. పట్టుకున్నది ఎడమవైపు. రోజా కళ్లతో సైగ చేస్తే, కుడివైపుకు మార్చుకున్నారు.